కొలత తెలిస్తే కొలువు మీదే!
నేల కింద వేడి, నేల మీద చెక్క... ఆదోని, ఎమ్మిగనూరు కుర్రాళ్లకు ఈ పనిలో దారులున్నాయా?

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి ధర పలికే ముందు ఏం చూస్తారో మీలో చాలామందికి తెలుసు. పింజ పొడవు, రంగు, ఆ తర్వాత తేమ. కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కేంద్రంలో తేమ 8 శాతం లోపు ఉంటే పూర్తి మద్దతు ధర. 8 దాటి 12 వరకు ఒక్కో శాతానికి కొంత కోత. 12 దాటితే కొనరు. ఏడాది కష్టమంతా చేతిలో పట్టే ఒక చిన్న మీటరు చూపించే అంకె మీద ఆధారపడుతుంది.

ఇదే తేమ లెక్క మీద ఇంకో వృత్తి కూడా నడుస్తోంది. అది చెక్క ఫ్లోరింగ్. అందులోనూ అన్నింటికంటే కష్టమైనది, కింద వేడి గొట్టాలున్న నేల మీద చెక్క పలకలు పరచడం. ఆ పని ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో దొరకదు. మార్చి వచ్చిందంటే బండలు కాలే ఊళ్లు మనవి, నేలకు వేడి పెట్టుకునే ఖర్మ మనకెందుకు! కానీ చెక్క ఫ్లోరింగ్ పని బెంగళూరు, హైదరాబాద్‌లలో ఉంది. వేడి నేల పని కశ్మీర్, హిమాచల్, లద్దాఖ్‌లలో ఉంది. జర్మనీ, బ్రిటన్, స్కాండినేవియా దేశాల్లో అయితే అది రోజువారీ పని. డిగ్రీ, డిప్లొమా చేతిలో పెట్టుకుని ‘ఏ ఉద్యోగమూ తగల్లేదు’ అనుకుంటున్నవాళ్లు దీన్ని ఒకసారి పరిశీలించండి. ఎందుకంటే ఇందులో చేతిపని సగమే. మిగతా సగం కొలత. చదువుకున్నవాళ్లు నిలబడగలిగేది అక్కడే.

అసలేంటీ వేడి నేల?

చలిదేశాల్లో గది మూలన హీటర్ పెట్టే బదులు నేలనే వెచ్చగా ఉంచుతారు. కాంక్రీటు మీద వేడి కిందికి పోకుండా ఇన్సులేషన్ పలకలు, వాటి మీద పాము చుట్టలా ప్లాస్టిక్ గొట్టాలు, ఆ గొట్టాలు మునిగేలా సిమెంట్, ఇసుక కలిపిన పొర. ఈ పొరను స్క్రీడ్ అంటారు. గొట్టాల్లో సుమారు 35 నుంచి 45 డిగ్రీల గోరువెచ్చని నీళ్లు తిరుగుతాయి. కొన్నిచోట్ల నీటికి బదులు కరెంటు తీగల చాపలు వాడతారు.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. పొయ్యి పొగను నేల కింది దారుల్లోంచి పంపే కొరియా ‘ఒండోల్’, రోమన్ల స్నానశాలలు, రాతి పలకల కింద మంట పెట్టే కశ్మీర్ ‘హమ్మామ్’... అన్నిట్లోనూ సూత్రం ఒక్కటే. వాటిలో పైన ఉండేది రాయి, మట్టి, ఇటుక. వేడి తగిలినా అవి పెద్దగా కదలవు. చెక్క అలా కాదు. అందుకే వేడి నేల మీద చెక్క వేయడానికి ప్రత్యేకంగా నేర్చిన మనిషి కావాలి.

చెక్క ఎందుకు మొండికేస్తుంది?

వానాకాలంలో మీ ఇంటి తలుపు బిగుసుకుపోయి ఎండాకాలంలో వదులైపోవడం చూసే ఉంటారు. చెట్టు కొట్టేసి ఎన్నేళ్లైనా చెక్క గాలిలోని తేమను పీల్చుకుంటూ, వదులుతూ ఉంటుంది. పీల్చుకుంటే ఉబ్బుతుంది, వదిలితే కుదించుకుపోతుంది. అది కూడా పొడవులో దాదాపు కనిపించదు, వెడల్పులోనే ఎక్కువ.

ఒక చిన్న లెక్క చూడండి. సాధారణ కోత కోసిన ఓక్ పలక, తేమ ఒక శాతం తగ్గితే వెడల్పులో సుమారు 0.36 శాతం కుదించుకుపోతుంది. 100 మి.మీ. వెడల్పు పలకను 12 శాతం తేమతో వేశారనుకుందాం. కింద వేడి మొదలయ్యాక అది 8 శాతానికి దిగింది. అంటే ఒక్కో పలక దగ్గర దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్ల సందు. 4 మీటర్ల గదిలో అలాంటి పలకలు 40 పడతాయి. మొత్తం కలిపితే సుమారు 60 మి.మీ. లక్షలు పోసి వేయించుకున్న నేల మొదటి చలికాలానికే పళ్లూడిన దువ్వెనలా తయారవుతుంది. డబ్బు పోయేది ఇంటి యజమానికి. పేరు పోయేది పరిచినవాడికి.

అందుకే వేడి నేల మీద ఏకచెక్క కంటే ‘ఇంజినీర్డ్’ పలకలకే మొగ్గు. ఒకదాని మీద ఒకటి అడ్డంగా, నిలువుగా అతికించిన పొరల మీద అసలు చెక్క పలుచగా ఉంటుంది. ఒక పొర కదలబోతే ఇంకో పొర పట్టి ఆపుతుంది. చెక్క జాతిని బట్టి కూడా తేడా ఉంటుంది. టేకు, ఓక్ కాస్త నిలకడైనవి. బీచ్, మేపుల్ త్వరగా కదులుతాయి కాబట్టి వాటితో జాగ్రత్త ఎక్కువ కావాలి.

పని ఎలా సాగుతుంది?

పలకలు బిగించడం రెండు మూడు రోజుల పని. దానికి ముందు వారాల తరబడి ఓపిక పట్టాలి. క్రమం ఇదీ...

1. ఆరబెట్టడం: స్క్రీడ్ మొదటి 40 మి.మీ. మందం వరకు రోజుకు ఒక మి.మీ. చొప్పున ఆరుతుందని మేస్త్రీల లెక్క. ఆపైన వేగం సగానికి పడిపోతుంది. 75 మి.మీ. పొర అయితే 40 రోజులు, ఆ తర్వాత మరో 70 రోజులు. అంటే మూడున్నర నెలల పైమాటే. ‘పైన ఆరిపోయింది కదా’ అని తొందరపడేవాళ్లే దెబ్బతింటారు.

2. వేడి పెట్టి పరీక్షించడం: యూరప్ ప్రమాణం ప్రకారం సిమెంట్ స్క్రీడ్ వేసిన 21 రోజుల తర్వాతే గొట్టాల్లో వేడి నీళ్లు వదలాలి. మొదటి 3 రోజులు సుమారు 25 డిగ్రీల దగ్గర ఉంచుతారు. తర్వాత డిజైన్‌లో రాసిన గరిష్ఠ వేడికి పెంచి 4 రోజులు నడుపుతారు. ఏ రోజు ఎంత వేడి పెట్టారో కాగితం మీద రాసి సంతకం చేస్తారు. రేపు గొడవ వస్తే మిమ్మల్ని కాపాడేది ఆ కాగితమే.

3. తేమ కొలవడం: జర్మనీలో వాడే పద్ధతి మీ కెమిస్ట్రీ ల్యాబ్‌ను గుర్తు చేస్తుంది. స్క్రీడ్ ముక్కను పొడి చేసి, తూకం వేసి, కాల్షియం కార్బైడ్‌తో కలిపి ఉక్కు సీసాలో బిగిస్తారు. పొడిలో నీరుంటే అది కార్బైడ్‌తో కలిసి ఎసిటిలీన్ వాయువు పుడుతుంది. నీరు ఎంత ఎక్కువుంటే సీసా మీటరులో ఒత్తిడి అంత పెరుగుతుంది. వేడి గొట్టాలున్న సిమెంట్ స్క్రీడ్‌కు అక్కడ పాటించే హద్దు 1.8 శాతం. గొట్టాలు లేకపోతే 2 శాతం. బ్రిటన్‌లో దీనికి బదులు స్క్రీడ్ మీద మూత పెట్టి లోపలి గాలి తేమ చూస్తారు. అది 75 శాతం దాటకూడదు. ముక్క తీయబోయి గొట్టానికి చిల్లు పెడితే పెద్ద నష్టం. అందుకే ఎక్కడ తీయాలో ముందే గుర్తులు పెట్టుకుంటారు.

4. మట్టం చూడటం: 2 మీటర్ల మట్టపు బద్ద పెడితే కింద 3 మి.మీ.కి మించి సందు కనిపించకూడదు. మన బండల మేస్త్రీలకు రసమట్టం కొత్త కాదు కాబట్టి ఇక్కడ మనవాళ్లు తేలిగ్గానే నెగ్గుతారు.

5. పలకలను గదికి అలవాటు చేయడం: పలకల కట్టలు కనీసం రెండు, మూడు రోజులు అదే గదిలో ఉండాలి. గది సుమారు 18 నుంచి 22 డిగ్రీల వేడిలో, గాలిలో తేమ 45 నుంచి 65 శాతం మధ్యలో ఉండాలి. కంపెనీ కాగితంలో వేరేగా రాసుంటే అదే పాటించాలి.

6. పరచడం: జిగురుతో నేలకు అతికించే పద్ధతి ఒకటి, పలుచని పొర మీద ఒకదానికొకటి కొక్కెంలా బిగించి వదిలేసే ‘ఫ్లోటింగ్’ పద్ధతి ఇంకోటి. జిగురు పద్ధతిలో వేడి పైకి బాగా వస్తుంది. సాగే గుణమున్న జిగురే వాడాలి. ఏ పద్ధతైనా గోడ చుట్టూ 10 నుంచి 15 మి.మీ. సందు వదలాలి. దాన్ని అంచు పట్టీ కప్పేస్తుంది. సందు వదలకపోతే ఉబ్బిన నేల మధ్యలో గుడారంలా లేస్తుంది.

7. మెల్లగా వేడి పెంచడం: పని ముగిసిన కనీసం 48 గంటల తర్వాత రోజుకు ఒకటి, రెండు డిగ్రీల చొప్పున పెంచుకుంటూ పోతారు. పలకల పైభాగం 27 డిగ్రీలు దాటకూడదని చాలామంది తయారీదారులు హద్దు పెడతారు. మన మేడమీది బండ ఏప్రిల్‌లో అంతకంటే ఎంతో ఎక్కువ కాలుతుంది!

ఫిజిక్స్ అక్కరకొచ్చేది ఇక్కడే

వేడి నేల మీద ఏ పలక వేయాలో చెప్పమని ఇంటి యజమాని అడిగారనుకోండి. కంటికి నచ్చినది చూపించేవాడు సేల్స్‌మన్. లెక్క వేసి చెప్పేవాడు నిపుణుడు. నేల పైపొరలన్నీ కలిపి వేడికి చూపే నిరోధం 0.15 దాటకూడదన్నది ఈ రంగంలో అందరూ పాటించే నియమం. నిరోధం అంటే పొర మందాన్ని, మీటర్లలో, ఆ పదార్థపు ఉష్ణవాహకతతో భాగించడమే.

ఓక్ ఉష్ణవాహకత సుమారు 0.17. పలక 15 మి.మీ. అయితే 0.015ను 0.17తో భాగిస్తే 0.088. కింద పరిచే పొరకు 0.04 కలిపితే దాదాపు 0.13. నియమం లోపే ఉంది. అదే 22 మి.మీ. పలక అయితే 0.129, దానికి 0.04 కలిపితే 0.169. హద్దు దాటింది. ఆ ఇంట్లో కింద గొట్టాలు ఎంత వేడెక్కినా పైన కాళ్లకు వెచ్చదనం అందదు, కరెంటు బిల్లు మాత్రం అందుతుంది. మందమైన తివాచీలు, కాళ్లు లేని బీరువాలు వేడి నేల మీద పెట్టొద్దని చెప్పేది కూడా ఇందుకే.

ఇంటర్‌లో చదివిన లెక్క ఇది. బీఎస్సీ, డిప్లొమా సివిల్ వాళ్లకు రెండు నిమిషాల పని. చేతిపని బాగా వచ్చినా ఈ లెక్క దగ్గర ఆగిపోయేవాళ్లున్నారు. లెక్క వచ్చినా ఉలి పట్టనివాళ్లూ ఉన్నారు. రెండూ వచ్చినవాళ్లు తక్కువ. ఆ తక్కువమందిలో మీరుంటే కూలీగా కాక సైట్ సూపర్‌వైజర్‌గా, అంచనాలు వేసేవాళ్లుగా, కంపెనీ సాంకేతిక ప్రతినిధిగా, చివరికి సొంత కాంట్రాక్టరుగా ఎదగొచ్చు.

మన దగ్గర మొదలు ఎక్కడ?

రేపే జర్మనీ అని కలలు కనొద్దు. మెట్లు ఇలా ఉన్నాయి.

మొదటి మెట్టు వేడి లేని చెక్క నేల. బెంగళూరు, హైదరాబాద్ విల్లాలు, ఫ్లాట్ల పడకగదులు, జిమ్‌లు, డ్యాన్స్ హాళ్లు, బ్యాడ్మింటన్ కోర్టులకు లామినేట్, ఇంజినీర్డ్ పలకలు వేస్తున్నారు. ఆదోని మీదుగా బెంగళూరుకు నేరుగా రైళ్లున్నాయి. ఇంకో సంగతి, సరిహద్దు ఊళ్లవాళ్లం కాబట్టి మనలో చాలామందికి కన్నడం వచ్చు, ఆదోని పిల్లలకు ఉర్దూ కూడా వచ్చు. బెంగళూరు సైట్‌లో యజమానితో కన్నడంలో, బిహార్ నుంచి వచ్చిన పనివాళ్లతో హిందీలో మాట్లాడగలిగే సూపర్‌వైజర్‌ను ఎవరు వదులుకుంటారు?

నేర్చుకోవడానికి ఐటీఐలో కార్పెంటర్ ట్రేడ్ గట్టి పునాది. మీకు దగ్గర్లోని ఐటీఐలో ఆ ట్రేడ్ ఉందో లేదో వెళ్లి అడగండి. లేకపోతే ఏ ఊళ్లో ఉందో వాళ్లే చెప్తారు. స్వల్పకాల శిక్షణ కోసం రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ, కేంద్రం నడిపే స్కిల్ ఇండియా డిజిటల్ హబ్ చూడండి. ఫర్నిచర్ అండ్ ఫిట్టింగ్స్ స్కిల్ కౌన్సిల్, కన్‌స్ట్రక్షన్ స్కిల్ డెవలప్‌మెంట్ కౌన్సిల్ ఈ రంగానికి ప్రమాణాలు తయారు చేస్తాయి. సర్టిఫికెట్ మీద వాటి పేరుందో లేదో చూసుకోండి. పని చేస్తూ నేర్చుకోవాలంటే 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండ్‌తో అవకాశాలుంటాయి. డిగ్రీ, డిప్లొమా వాళ్లకు నాట్స్ పోర్టల్, ఐటీఐ వాళ్లకు అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్.

రెండో మెట్టు చలి ప్రాంతాలు. శ్రీనగర్, మనాలి, లేహ్ హోటళ్లలో, కొత్త ఇళ్లలో వేడి నేలలు వేయిస్తున్నారు. అక్కడ ఒక్క సీజన్ పని చేసినా ‘వేడి గొట్టాల మీద వేశాను’ అని చెప్పుకునే అనుభవం మీ ఖాతాలో చేరుతుంది. ఏ సైట్‌లో పని చేసినా ముందు, మధ్యలో, తర్వాత ఫొటోలు తీసి, తేమ అంకెలతో సహా దాచుకోండి. రేపు ఇంటర్వ్యూలో మీ తరఫున మాట్లాడేది ఆ ఫొటోలే.

జర్మనీ దారి

జర్మనీలో చెక్క నేల పరచడం గుర్తింపు పొందిన వృత్తి. పేరు ‘పార్కెట్‌లేగర్’. మూడేళ్ల శిక్షణ. కంపెనీలో పని, వృత్తి పాఠశాలలో చదువు పక్కపక్కనే సాగుతాయి. శిక్షణ కాలంలోనే నెలనెలా భత్యం వస్తుంది. 2020 నుంచి సొంతంగా ఈ వ్యాపారం పెట్టాలంటే అక్కడ ‘మైస్టర్’ అర్హత మళ్లీ తప్పనిసరి చేశారు. అంటే ఎవరు పడితే వాళ్లు చేసే పని కాదని ఆ దేశం చట్టంలోనే రాసుకుంది.

భారత్, జర్మనీ 2022 డిసెంబరులో వలస ఒప్పందం చేసుకున్నాయి. భారతీయ నిపుణులకు ఇచ్చే వీసాల సంఖ్యను ఏటా 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని 2024 అక్టోబరులో జర్మనీ ప్రకటించింది. శిక్షణ వీసాకు సాధారణంగా జర్మన్ భాషలో బీ1 స్థాయి కావాలి. సున్నా నుంచి అక్కడికి చేరాలంటే గట్టిగా కూర్చుని చదివినా నెలల పని. భత్యం ఖర్చులకు చాలదని వాళ్లు భావిస్తే మిగతా సొమ్ము ఎక్కణ్నుంచి వస్తుందో కూడా చూపాలి. ఈ రెండూ లెక్కలోకి తీసుకోకుండా ఇంట్లో పొలం అమ్మే మాట ఎత్తొద్దు.

ఏజెంట్లతో జాగ్రత్త

విదేశీ ఉద్యోగం అనగానే మన పల్లెల్లో ముందు వాలేది ఏజెంటే. నాలుగు మాటలు గుర్తుంచుకోండి.

* ఆ ఏజెన్సీ పేరు కేంద్ర విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదై ఉందో లేదో మీరే చూడండి. ‘మా ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది’ అన్న మాట సరిపోదు.
* నమోదైన ఏజెంట్ తీసుకోదగిన సేవా రుసుం గరిష్ఠంగా 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ. రసీదు తప్పనిసరిగా అడగండి.
* విజిట్ వీసా మీద వెళ్లి పని చేయొచ్చంటే నమ్మొద్దు. అక్కడ పట్టుబడితే తిరుగు టికెట్ ఖర్చు కూడా మీదే.
* రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్ విదేశీ నియామకాలు చూస్తుంది. ముందు అక్కడ వాకబు చేయండి.

కష్టాలూ తెలుసుకోండి

రోజంతా మోకాళ్ల మీద కూర్చునే పని ఇది. మోకాలి ప్యాడ్లు లేకుండా చేస్తే నలభై ఏళ్లకే కీళ్లు మొరాయిస్తాయి. చెక్క ధూళి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. మాస్క్, ధూళి లాగే యంత్రం లేని సైట్‌లో కోత పని చేయొద్దు. మన దగ్గర పని చదరపు అడుగుల లెక్కన ఇస్తారు కాబట్టి పని లేని నెలలు కూడా ఉంటాయి. తప్పు జరిగితే మళ్లీ వేసే ఖర్చు ఎవరిదో ముందే రాయించుకోవాలి.

ఈ నెలలోనే చేయగలిగినవి

ఒకటి, చెక్క తేమ కొలవడం. ఒక చిన్న చెక్క ముక్కను వంటింటి డిజిటల్ త్రాసులో తూచండి. కాలేజీ ల్యాబ్ ఓవెన్‌లో సుమారు 103 డిగ్రీల దగ్గర బరువు ఇక తగ్గనంతవరకు ఆరబెట్టి మళ్లీ తూచండి. తగ్గిన బరువును ఎండిన బరువుతో భాగించి 100తో గుణిస్తే తేమ శాతం. 112 గ్రాములు 100కు దిగితే తేమ 12 శాతం. వాన రోజున, ఎండ రోజున రెండుసార్లు చేసి తేడా చూడండి.

రెండు, భారత ప్రమాణాల సంస్థ పత్రం ఐఎస్ 287 చదవండి. గాలి తేమను బట్టి దేశాన్ని నాలుగు మండలాలుగా విడగొట్టి, ఎక్కడ వాడే చెక్కలో ఎంత తేమ ఉండాలో అందులో చెప్పారు. ఆదోనికి సరిపోయే చెక్క మంగళూరుకు ఎందుకు సరిపోదో తెలుస్తుంది.

మూడు, ఊళ్లో మంచి పేరున్న వడ్రంగి దగ్గర సెలవుల్లో రెండు వారాలు కూర్చోండి. రంపం, చిత్రిక, ఉలి చేతికి అలవాటు కావాలి. ‘బీఎస్సీ చదివి రంపం పడతావా’ అని ఎవరైనా అంటే అననీయండి.

కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు నుంచి ఏటా పంట కోతలకు, పత్తి తీతకు, మిరప తోటలకు సుగ్గికి పోయే కుటుంబాలు ఎన్నో. ఇళ్లకు తాళాలు, ముసలివాళ్ల చేతిలో పిల్లలు... ఇది చూస్తూ పెరిగినవాళ్లే మీలో చాలామంది. ఊరు విడవడం మనకు కొత్త కాదు. ఏ చేతులతో విడుస్తున్నామన్నదే అసలు ప్రశ్న. కొడవలి పట్టుకుని వెళ్లినవాడి కూలి ఎవరో నిర్ణయిస్తారు. తేమ మీటరు, రసమట్టం పట్టుకుని, అంకె చూసి ‘ఈ నేల ఇంకా సిద్ధంగా లేదు, పది రోజులు ఆగండి’ అని చెప్పగలిగినవాడి మాట యజమాని వింటాడు. ఆ మాట చెప్పే అర్హత సంపాదించడానికి పట్టేది ఏడాదో రెండేళ్లో. చివరి సెమిస్టర్ పరీక్షలు అయ్యేలోపే మొదటి అడుగు వేయండి.